ఎప్పుడు రావాలో కూడా చెప్పండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగార్లకు,

నేను సర్కారు ఆసుపత్రి పిల్లల విభాగంలో స్టాఫ్ నర్సుగా, ఆ తర్వాత హెడ్ నర్సుగా పనిచేసి రిటైరయిన మనిషిని. ఓపీ గది గుమ్మం పక్కన నా కుర్చీ ఉండేది. లోపల డాక్టరుగారు ఏమన్నారో, బయటికొచ్చిన తల్లి ముఖం ఎలా ఉందో రెండూ నాకు తెలిసేవి. ఆ గుమ్మంలో రెండు మాటలు విన్నన్నిసార్లు నేను మరే మాటా వినలేదు. "ఈ మాత్రం దానికే తీసుకొచ్చేశావా?" అనేది ఒకటి. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మా?" అనేది రెండోది. ఒక్కోసారి ఒకే గంటలో, ఒకే డాక్టరు నోట, ఇద్దరు తల్లులకు ఈ రెండూ పడేవి. డాక్టర్లను నేను తప్పుపట్టను. సోమవారం ఓపీ వరస వరండా దాటి మెట్ల మీదికి వెళ్ళినప్పుడు ఎంత ఓర్పున్న మనిషికైనా విసుగొస్తుంది. నేను అడిగేది వేరే సంగతి. సరిగ్గా ఎప్పుడు రావాలో ఆ తల్లికి అంతకుముందు ఎవరు చెప్పారు?

ఎవరూ చెప్పలేదు. ఈ ఉత్తరం దాని గురించే.

కాలు విరిగిన పిల్లాడిని తీసుకురావడానికి ఎవరూ తటపటాయించరు. ఫిట్స్ వస్తే వీధి వీధంతా కదులుతుంది. చిక్కంతా నలతతోనే. పిల్లాడు పొద్దున్నుంచీ అదోలా ఉన్నాడు. ఒళ్ళు వెచ్చగా ఉంది, మరీ కాలిపోవడం లేదు. రెండు ముద్దలు తిని వద్దన్నాడు. కడుపునొప్పి అంటాడు, ఎక్కడరా అంటే బొడ్డు చూపిస్తాడు. రోజూ ఇల్లు పీకి పందిరేసేవాడు ఇవాళ ఓ మూల చాప మీద ముడుచుకున్నాడు. రేపటికి తగ్గిపోయే జలుబా ఇది, ఎల్లుండికి ఐసీయూ దాకా తీసుకెళ్ళే జబ్బా? మొదటి రోజున చాలా జబ్బులు ఇదే ముఖంతో వస్తాయి. అనుభవమున్న పిల్లల డాక్టర్లే "ఒకటి రెండు రోజులు చూద్దాం" అంటారు, ఆ రోజుకి అదే సరైన వైద్యం కూడా. అంత కష్టమైన తీర్పుని మనం ఇరవై రెండేళ్ళ అమ్మాయికి వదిలేశాం. అదీ రాత్రి రెండింటికి, మొగుడు లారీతో నాగపూర్ దాటి ఎక్కడో ఉన్నప్పుడు.

1994లో సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు బాలింత మరణాల గురించి రాస్తూ మూడు ఆలస్యాల లెక్క చెప్పారు. ఆసుపత్రికి వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, అక్కడికి చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. ఆ లెక్క పసిపిల్లలకూ అచ్చంగా సరిపోతుంది. రెండో ఆలస్యం మీద మీకు ముందున్న ప్రభుత్వాలు గట్టిగానే పనిచేశాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు మొదలైంది, తర్వాత తండాల దాకా వెళ్ళింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పెద్ద ఆపరేషన్ అనగానే పొలం అమ్ముకోవాలన్న భయం చాలా ఇళ్ళలో తగ్గింది. ఇవి రెండు రాష్ట్రాలూ ఒక్కటిగా ఉన్నప్పుడు పుట్టినవి కాబట్టే మీ ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. మొదటి ఆలస్యానికి మాత్రం అంత పెద్ద పథకం లేదు. దానికి శంకుస్థాపన రాయి వేయలేం, రిబ్బను కత్తిరించలేం, పక్కన ఫొటో అంటించడానికి బండి కూడా లేదు. అందుకే ఎవరి కంటా పడలేదేమో అని నా అనుమానం.

ఆ నిర్ణయం తల్లి ఒక్కతే తీసుకుంటుందనుకోకండి. అత్తగారు పళ్ళొస్తున్నాయి, విరేచనాలు సహజమేనంటుంది. పక్కింటావిడ దిష్టి అంటుంది, ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తుంది. దిష్టి తీయడం మీద నాకు ఫిర్యాదేం లేదు. తీసి ఆటో ఎక్కితే చాలు. మెడికల్ షాపు కుర్రాడు ఏదో సీసా చేతిలో పెడతాడు. ఊళ్ళో ఆర్ఎంపీ ఒక సూది వేసి పంపుతాడు. అతను అర్ధరాత్రి తలుపు కొట్టినా లేస్తాడు, మీ డాక్టరు లేవడు, కాబట్టి అతన్ని తిట్టే ముందు అది కూడా లెక్కలో వేసుకోవాలి. ఇక ఆసుపత్రికి వెళ్ళాలంటే ఒక రోజు కూలి పోతుంది. రాకపోకల ఆటో, అక్కడ టీ, బన్ను, బయట కొనే మందులు. రెండుసార్లు ఇలా వచ్చి "ఏం లేదు పొమ్మని" తిట్టించుకున్న తల్లి మూడోసారి ఆగుతుంది. ఆ మూడోసారి పిల్లలే మా వార్డుకి స్ట్రెచరు మీద వచ్చేవాళ్ళు. అందుకే "ఈ మాత్రం దానికే వచ్చావా" అన్న మాటకి ఉన్నంత దుష్ఫలితం చాలా మందులకు లేదని నేను కొత్త హౌస్ సర్జన్లకు చెబుతుండేదాన్ని. కొందరు నవ్వేవారు, కొందరు మానుకున్నారు.

ఆ తల్లికి కావలసిన సమాచారం కొత్తగా కనిపెట్టవలసిన పని లేదు. మీ శాఖ దగ్గరే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి తయారుచేసిన పద్ధతిని మన దేశం పురిటి బిడ్డలను కూడా కలుపుకొని ఐఎమ్ఎన్‌సీఐ అనే నోరు తిరగని పేరుతో అమలు చేస్తోంది. అందులో రెండు నెలలు నిండిన బిడ్డ నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల దాకా, చూడగానే పెద్దాసుపత్రికి పంపాల్సిన గుర్తులు నాలుగే నాలుగు. ఏమీ తాగలేకపోవడం, పాలు పట్టకపోవడం. తాగిందంతా కక్కేయడం. ఫిట్స్. మగతగా పడి ఉండి లేపినా సరిగా లేవకపోవడం. మామూలు మనిషి కళ్ళకు కనిపించేవే ఇవన్నీ, వీటికి స్టెతస్కోపు అక్కర్లేదు.

ఐదోది ఊపిరి. దీనికీ లెక్క ఉంది. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తుంటే అది వేగం. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40. ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట కదలికని నిండు నిమిషం లెక్కపెట్టాలి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే పసిపిల్లల్లో తప్పుతుంది, వాళ్ళ ఊపిరి ఒకే తాళంలో నడవదు. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతుంటే లెక్క పూర్తయ్యేదాకా కూడా ఆగొద్దు. ఒకప్పుడు ఈ లెక్క కోసం ఆరోగ్య కార్యకర్తలకు ప్రత్యేకంగా టైమర్లు ఇచ్చేవారు. ఇప్పుడు ప్రతి తల్లి చేతిలోని ఫోనులో సెకన్లు తిరిగే గడియారం ఉంది. ఏం లెక్కపెట్టాలో చెప్పినవాళ్ళే లేరు. కోవిడ్‌లో కొన్న ఆక్సీమీటరు మాత్రం బీరువాలో ఉంటుంది, చంటిబిడ్డ వేలికి అది పట్టదు, పట్టినా తప్పు అంకె చూపి భయపెడుతుంది.

ఈ గుర్తులు మాతా శిశు సంరక్షణ కార్డులో వేశాం కదా అని మీ అధికారులు అంటారు. వేశారు, బొమ్మలతో సహా. ఆ కార్డు టీకా రోజున తెరుస్తారు, టీకా తేదీ రాస్తారు, మూసేస్తారు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి బియ్యం డబ్బా మీద జాగ్రత్త చేస్తారు. టీకా వేసిన రోజున బిడ్డ ఏడుస్తుంటుంది, తల్లి కంగారుగా ఉంటుంది, ఏఎన్ఎమ్‌కి ఇంకా ఇరవై మంది మిగిలి ఉంటారు. ఆ పేజీ చదివి వినిపించే తీరిక ఎవరికి? పైగా అది చంటిపిల్లల కార్డు. బడికెళ్ళే పిల్లలకు వచ్చే నలత గురించి అందులో వెతికి లాభం లేదు.

జ్వరం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. మన ఇళ్ళలో పిల్లల జబ్బు అంటే థర్మామీటరు అంకె. 102 అంటే ఇంటిల్లిపాదీ లేస్తారు, 100 అంటే పడుకుంటారు. అంకె చాలాసార్లు దారి తప్పిస్తుంది. 103 జ్వరంలో ఉన్న రెండేళ్ళ పిల్ల మందు పడి ఒళ్ళు చల్లబడగానే లేచి బొమ్మ కోసం తమ్ముడితో తగువు పెట్టుకుంటే, నీళ్ళు తాగుతూ ఉచ్చ పోస్తుంటే, ఆ రాత్రికి నిద్రపోవచ్చు. జ్వరం 100 దాటకపోయినా, మందు పనిచేసి ఒళ్ళు చల్లబడినా, పిల్ల కళ్ళు తేలేసి మన వంక చూడకుండా పడుంటే బయలుదేరాలి. జ్వరం దిగిన అరగంటలో పిల్ల ఎలా ఉందన్నది, జ్వరం ఎంత ఉందన్న దానికంటే ఎక్కువ చెబుతుంది. అంకె నిజంగా లెక్కలోకి వచ్చే చోటు ఒకటుంది. మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 డిగ్రీలు తాకితే, బిడ్డ నవ్వుతున్నా సరే, అదే పూట డాక్టరు చూడాలి. పురిటి బిడ్డ ఒళ్ళు చల్లబడిపోయి పాలు తాగడం తగ్గిస్తే అది జ్వరంకన్నా భయపడాల్సిన సంగతి. ఈ రెండు వాక్యాలు ప్రసవమై ఇంటికి వెళ్ళే ప్రతి తల్లికి నోటికి రావాలి. మన ప్రసూతి వార్డుల్లో డిశ్చార్జి రోజున చెప్పేవి కుట్ల సంగతి, ఐరన్ మాత్రల సంగతి, ఆధార్ కార్డు జిరాక్సు సంగతి.

జ్వరం అంకెని నమ్మితే ఏమవుతుందో డెంగీ ఏటా చూపిస్తూనే ఉంది. నాలుగో రోజో ఐదో రోజో జ్వరం దిగుతుంది. నాయనమ్మ వేడినీళ్ళతో ఒళ్ళు తుడిచి, బీరకాయ పథ్యం పెడుతుంది. గండం గడిచిందని నాన్న పనికి పోతాడు. డెంగీ ముదిరితే ముదిరేది ఆ పూటే. జ్వరం తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజుల్లోనే రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారడం మొదలవుతుంది, బీపీ పడిపోతుంది. జ్వరం లేదు, కానీ కడుపునొప్పి మానదు. వాంతులు ఆగవు. చేతులు కాళ్ళు చల్లబడతాయి. చిగుళ్ళలోంచో ముక్కులోంచో రక్తం. పిల్లాడు ఒకటే చిరాకు పడతాడు, లేదా మగతలోకి జారతాడు. మూత్రం తగ్గిపోతుంది. ఇవి తెలిసిన ఇల్లు ఆ పూటే బయలుదేరుతుంది. తెలియని ఇంట్లో ప్లేట్‌లెట్ల అంకె కోసం ల్యాబుల చుట్టూ తిరుగుతారు, బొప్పాయాకు రసం తాగించడానికి పిల్లాడి ముక్కు మూస్తారు. ప్లేట్‌లెట్లు చూడొద్దని నేననడం లేదు. పిల్లాడిని వదిలేసి కాగితం వంక చూడొద్దంటున్నాను. ఇంకో మాట. డెంగీ అనుమానం ఉన్న రోజుల్లో జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఇబుప్రోఫెన్ వేయకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఈ సంగతి వానాకాలంలో ప్రతి మెడికల్ షాపు గాజు తలుపు మీద ఉండాలి. మీ ఔషధ నియంత్రణ అధికారులు ఒక సర్క్యులరుతో చేయించగల పని.

షాపుల ప్రస్తావన వచ్చింది కాబట్టి పారాసెటమాల్ గురించే ఒక మాట. పసిపిల్లల డ్రాప్స్‌లో ఒక మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120, 125 లేదా 250. అన్నకి సిరప్ ఒక చెంచా వేసే అలవాటున తమ్ముడికి డ్రాప్స్ ఒక చెంచా పోస్తే 500 మిల్లీగ్రాములు పడినట్టు. పది కిలోల బిడ్డకు ఒకసారికి కావలసింది 100 నుంచి 150. సీసా మీద అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి. అమ్మేవాడు పెన్నుతో పెద్దగా రాసిస్తే సరిపోతుంది.

2025 సెప్టెంబరు, అక్టోబరులలో మధ్యప్రదేశ్ ఛింద్వాడా జిల్లాలో జరిగింది మీకు తెలుసు. జలుబు, దగ్గు, కాస్త జ్వరం ఉన్న పిల్లలకు కోల్డ్‌రిఫ్ అనే దగ్గు సిరప్ తాగించారు. అందులో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం ఉందని తేలింది. 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు కూడా అది వాడొద్దని హెచ్చరిక ఇచ్చారు. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని, ఐదేళ్ళ లోపు వాళ్ళకు మామూలుగా అవసరం లేదని కేంద్రం సలహా పంపింది. ఆ విషం తయారీలో జరిగిన నేరం, దానికి తల్లులు జవాబుదారులు కారు. నాకు గుచ్చుకున్నది ఇంకొకటి. ఆ పిల్లల్లో ముందుగా కనిపించిన గుర్తుల్లో ఒకటి, ఉచ్చ తగ్గడం, ఆగిపోవడం. ఆరేడు గంటలు ఉచ్చ పోయకపోతే అది ఏ జబ్బైనా సరే బయలుదేరాల్సిన గుర్తు. విరేచనాలైనా, డెంగీ అయినా, కిడ్నీ దెబ్బతిన్నా ఆ ఒక్క ప్రశ్న పట్టిస్తుంది. డైపర్లు వచ్చాక ఈ లెక్క చూసుకోవడం కూడా తగ్గింది. ఒకప్పుడు లంగోటీ ఆరేసే అమ్మమ్మకు మనవడు ఎన్నిసార్లు తడిపాడో వేరే చెప్పనక్కర్లేదు.

విరేచనాల గురించి నేను పెద్దగా చెప్పను. ఓఆర్‌ఎస్, జింకు సంగతి మీ శాఖ ఏళ్ళుగా చెబుతూనే ఉంది, ఆ ప్రచారం పనిచేసింది కూడా. చక్కెర నీళ్ళలాంటి డబ్బా పానీయాల మీద ఓఆర్‌ఎస్ అని వేసుకుని అమ్మడాన్ని 2025 అక్టోబరులో ఆహార భద్రత ప్రమాణాల సంస్థ ఆపించింది. దాని వెనక హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్‌గారి ఏళ్ళ తరబడి పోరాటం ఉంది. ఒక డాక్టరు పట్టుబడితే అంత పని జరిగింది. రెండు ప్రభుత్వాలు పట్టుబడితే ఈ గుర్తులన్నీ రాసిన ఒక పేజీ కాగితం ఇళ్ళకు చేరదా?

ఒక కాగితం ఏం చేయగలదో ఇటలీలో పార్మా అనే చోట చూశారు. పిల్లలకు వచ్చే షుగరు జబ్బు మొదట్లో నలతలాగే ఉంటుంది. పక్క తడపడం మానేసి ఏళ్ళైన పిల్లాడు మళ్ళీ తడుపుతుంటాడు. రాత్రి లేచి లేచి నీళ్ళు తాగుతాడు. తింటున్నా చిక్కిపోతాడు. పరీక్షల భయమనో, పొట్టలో నులిపురుగులనో అనుకుంటారు. తర్వాత వాంతులు, ఆయాసం, స్పృహ తప్పడం. అప్పుడు తెచ్చి గ్యాస్ అనుకుంటూ సెలైన్ పెట్టిస్తారు. పార్మా ప్రాంతంలో 1991లో ఒక పోస్టరు తయారుచేసి బడుల్లో, పిల్లల డాక్టర్ల దగ్గర అంటించారు. పక్క తడపడం మానేసిన పిల్లలు మళ్ళీ తడుపుతుంటే షుగరు కావచ్చు, చూపించండి అన్నది దాని సారం. అంతకుముందు కొత్తగా షుగరు బయటపడ్డ పిల్లల్లో 78 శాతం మంది ఆ ప్రమాద స్థితిలోనే ఆసుపత్రికి వచ్చేవారు. పోస్టరు తర్వాతి ఏళ్ళలో అది 12.5 శాతానికి పడిపోయింది. కొత్త ఆసుపత్రి కట్టలేదు, కొత్త మందు రాలేదు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వేలి చివర సూది గుచ్చి చూసే షుగరు యంత్రం ఉంది. ఆ పిల్లాడిని అక్కడికి పంపాలన్న ఆలోచన ఇంట్లోవాళ్ళకో పంతులమ్మకో రావాలి.

అలాంటి పోస్టరు మన బడుల్లోనూ అంటించి, దాని మీదే మరో వాక్యం వేయించండి. పదేళ్ళు దాటిన మగపిల్లాడు ఉన్నట్టుండి పొత్తికడుపు నొప్పి అంటే, అడగడానికి మొహమాటపడకుండా కింద కూడా నొప్పి ఉందా అని అడగమనండి. వృషణం మెలిపడితే దాన్ని కాపాడుకోవడానికి సుమారు ఆరు గంటల వ్యవధి ఉంటుంది. సిగ్గుతో కడుపునొప్పి అని చెప్పి, వాము నమిలి పడుకున్న పిల్లలు తెల్లారాక వచ్చేవాళ్ళు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ మాట్లాడరు కాబట్టి బడి గోడ మాట్లాడాలి.

ఇక నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది, ఖర్చు అసలు లేనిది. ఓపీ చీటీ. డాక్టరుగారు చూస్తారు, వైరల్ జ్వరం అంటారు, మూడు మందులు రాస్తారు, సంతకం పెడతారు. ఏం కనిపిస్తే మళ్ళీ రావాలో రాయరు. ఐఎమ్ఎన్‌సీఐ చార్టులో దానికి ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది, వెంటనే తిరిగి రావలసిన గుర్తులు తల్లికి చెప్పి పంపమని. ట్రైనింగులో అందరం నేర్చుకున్నాం, ఓపీలో ఎవరమూ చేయలేదు, ఎందుకంటే చీటీలో దానికి చోటు లేదు. "జ్వరం శుక్రవారం దాకా ఉంటే రండి. తాగడం మానేసినా, డొక్కలు ఎగరేసినా, మగతగా ఉన్నా రాత్రయినా రండి." ఇంతే. ఇది రాసిన చీటీ చేతిలో ఉన్న తల్లి మర్నాడు ఊరికే తిరిగి రాదు, రావాల్సినప్పుడు ఆగదు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే చూపించడానికి ఆమె దగ్గర ఒక కాగితం ఉంటుంది. సర్కారు ఆసుపత్రులకు ఉత్తర్వు వేసి, చీటీ అచ్చువేసేటప్పుడే అడుగున ఆ నాలుగు వరసలు తెలుగులో వేయించండి. ప్రైవేటు క్లినిక్కులకూ అదే చెప్పండి. వారంలోపు మళ్ళీ వస్తే ఫీజు లేదని గోడ మీద బోర్డు పెట్టేవాళ్ళు, ఎందుకు రావాలో కూడా ఒక బోర్డు పెట్టగలరు.

"ఇలా చెబితే భయపడి జనమంతా ఆసుపత్రుల మీద పడతారు" అని ఒక మీటింగులో పెద్దాయన ఒకరు నాతో అన్నారు. జనం ఇప్పటికే పడుతున్నారు. ఏది ప్రమాదమో తెలియనివాళ్ళకు అన్నీ ప్రమాదమే. ఆ పేజీలో రావాల్సిన గుర్తులతో పాటు రానక్కర్లేనివి కూడా రాయాలి. ఐదేళ్ళ లోపు పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలేనని, చీమిడి పసుపుపచ్చగా మారినంత మాత్రాన యాంటీబయాటిక్ అక్కర్లేదని, జబ్బు చేసిన పిల్లలు రెండు మూడు రోజులు అన్నం తగ్గించినా తాగుతుంటే కంగారు పడొద్దని. ఇంగ్లండులో ఉన్న మన పిల్లలు మొదట్లో అక్కడి 111 అనే ఆరోగ్య సలహా నంబరు మీద మండిపడతారు, జ్వరమని ఫోన్ చేస్తే ఇన్ని ప్రశ్నలేమిటి, పారాసెటమాల్ వేసి చూడమంటారేమిటి అని. కొన్నాళ్ళకు ఆ ప్రశ్నలు వాళ్ళకే వచ్చేస్తాయి. అక్కడున్న మా అక్క మనవరాలు ఇప్పుడు పిల్లాడి ఊపిరి వీడియో తీసి వాట్సాప్‌లో నాకు పంపుతూ, కింద నిమిషానికి ఎన్నో తనే రాస్తుంది. ఇలాంటి అమ్మమ్మ లేని ఇళ్ళ సంగతేమిటన్నదే నా దిగులు.

దానికి మన దగ్గర నంబరు ఉంది. 2007లో 104 మొదలైనప్పుడు అది ఫోన్లో ఆరోగ్య సలహా చెప్పే నంబరు. అవతలివైపు కూర్చున్నవాళ్ళు వరసగా ప్రశ్నలు అడిగి, ఇంట్లో చూసుకోవచ్చా, రేపు వెళ్ళాలా, ఇప్పుడే బయలుదేరాలా చెప్పాలన్నది ఆలోచన. తర్వాత పల్లెల్లో 104 అంటే బీపీ, షుగరు మాత్రలిచ్చే బండి అయిపోయింది. బండి ఉన్నచోట ఉండనివ్వండి. ఫోనుకి మళ్ళీ ప్రాణం పోయండి, ముఖ్యంగా రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడు దాకా, పిల్లల వార్డులో పనిచేసిన నర్సులతో. ఈ-సంజీవనిలో డాక్టరుతో వీడియో మాట్లాడే సదుపాయం ఉంది, పగటిపూట చర్మం జబ్బుకీ బీపీకీ అది బాగానే ఉంది. రాత్రి రెండింటికి తల్లికి కావలసింది మందు చీటీ కాదు. "అమ్మా, చొక్కా ఎత్తి చూడు, డొక్కలు ఎగురుతున్నాయా" అని అడిగే గొంతు కావాలి. నాలాంటి రిటైరయిన నర్సులు రెండు రాష్ట్రాల్లోనూ చాలామంది ఉన్నారు. మాకెలాగూ రాత్రిళ్ళు నిద్ర పట్టదు, అలవాటు తప్పిపోయింది. ఫోను ఇంటికే కలపండి, చేస్తాం.

ఆసుపత్రి లోపలి సంగతి ఒకటి మిగిలింది. "సిస్టరమ్మా, వీడు ఎప్పుడూ ఇలా ఉండడు" అని తల్లి అంటే ఆ మాటని కేసు షీటులో రాయమని నేను జూనియర్లకు చెప్పేదాన్ని. బీపీ, నాడి, ఉష్ణోగ్రత ఇంకా మారకముందే తల్లి కన్ను పసిగట్టిన సందర్భాలు వార్డులో పనిచేసిన ప్రతివాళ్ళకూ గుర్తుంటాయి. ఇంగ్లండులో మార్తా మిల్స్ అనే 13 ఏళ్ళ అమ్మాయి 2021లో ఆసుపత్రిలో ఉండగానే సెప్సిస్‌తో పోయింది. తల్లిదండ్రులు ముందునుంచీ భయం చెబుతూనే ఉన్నారు, వినలేదు. తర్వాత తల్లి పట్టుబట్టి సాధించిన ఏర్పాటునే అక్కడ మార్తాస్ రూల్ అంటున్నారు. 2024లో అమలు మొదలైంది. పిల్ల పరిస్థితి దిగజారుతోందని ఇంటివాళ్ళకు అనిపిస్తే, వార్డు డాక్టర్లతో సంబంధం లేని మరో బృందాన్ని వాళ్ళే నేరుగా పిలిపించుకోవచ్చు. మన దగ్గర అంత ఏర్పాటు రేపే రాదని తెలుసు. పెద్దాసుపత్రుల పిల్లల వార్డుల్లో డ్యూటీ సీనియర్ ఫోను నంబరు గోడ మీద రాయించడం రేపే వస్తుంది.

వానలు పడ్డాక, ఆగస్టుకల్లా జ్వరాల ఓపీ నిండుతుంది. అంతలోపు ఓపీ చీటీ అడుగున నాలుగు వరసలు, ఇంటింటికీ ఒక పేజీ, బడి గోడ మీద ఒక పోస్టరు, 104లో రాత్రి పలికే మనుషులు. పేజీ నమూనా ఒకటి మా ఊరి ఆశా కార్యకర్తా నేనూ కూర్చుని రాసి పెట్టాం. పిల్లల డాక్టర్ల చేత దిద్దించుకోవాలి, బొమ్మలు వేయించుకోవాలి. విలేజ్ క్లినిక్‌కి పంపాలన్నా, బస్తీ దవాఖానాకి పంపాలన్నా మీ కార్యాలయాల నుంచి చిరునామా వస్తే చాలు, వారం లోపు చేరుస్తాం.

ఇట్లు,
పిల్లల వార్డు రిటైర్డ్ హెడ్ నర్సు